భువనకో దారి చూపే యంత్రం

అడవుల్లో చేతపట్టుకుని తిరిగే జీపీఎస్ యంత్రాలు పదకొండింటిని పోలుస్తూ లోహిత్ పెద్ద పట్టిక తయారు చేశాడు. బరువు, బ్యాటరీ, తెర సైజు, వానకి తట్టుకుంటుందా లేదా, ఏదీ వదల్లేదు. సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. రైస్ కుక్కర్ కొన్నప్పుడూ అంతే. కాకపోతే ఈసారి కొనేది భువన కోసం.

పెళ్ళయి ఏడాదిన్నర. భువన పరిశోధన చేసే యూనివర్సిటీకి దగ్గరని క్లెమెంటిలో అద్దెకుంటున్నారు. రిజర్వాయరు పక్కనున్న అడవిలో ఆమె అనుమతి తీసుకుని అరవై లేత మొక్కలకి నంబరు బిళ్ళలు కట్టింది. నెలనెలా వాటి దగ్గరికే వెళ్ళి ఎంత పెరిగాయో కొలవాలి. ఇన్నాళ్ళూ ఫోన్లో మ్యాపు చూసుకుంటూ వెళ్ళేది. పోయిన నెల వానకి ఫోను తడిసి మొరాయించింది. బాట దొరక్క తిరిగి తిరిగి అడవికి అటువైపు తేలి, రోడ్డు చుట్టూ నడిచి వచ్చేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. బస్‌స్టాపులో ఫోను మీద ఫోను చేస్తూ నిలబడ్డ లోహిత్, ఆమె కనబడగానే "ఏమన్నా తిన్నావా?" అని మాత్రం అడిగాడు. మర్నాడు పొద్దున్నే పట్టిక మొదలుపెట్టాడు.

ఆదివారం ఇద్దరూ క్యాంపింగ్ సామాన్ల దుకాణానికి వెళ్ళారు. లోహిత్ నేరుగా తన పట్టికలో మొదటి స్థానంలో ఉన్నదాన్ని అడిగి తీసుకున్నాడు. అరచేతి నిండా వెడల్పు తెర, వేలితో తాకితే చాలు.

"చూడు, మ్యాపు ఎంత స్పష్టంగా ఉందో!"

భువన సంచీలోంచి పని చేతొడుగులు తీసి తొడుక్కుంది. దుకాణం అంకుల్ అనుమతి అడిగి, సీసాలో నీళ్ళు తెర మీద రెండు చుక్కలు చిలకరించి, వేలితో జరిపింది. మ్యాపు ఎటో పోయింది. మళ్ళీ జరిపింది. ఈసారి కదల్లేదు.

"నేను ఏసీలో కూర్చుని చూసుకునేదానికి కాదబ్బా, లోహిత్. బటన్లుండేది కావాల నాకు."

"బటన్లవి పాతకాలంవి భువనా."

"నాలుగు వారాలు పట్టిక వేసినావు. ఒక్కసారన్నా నన్ను అడిగినావా?"

నిజమే, అడగలేదు. లోహిత్ ముఖం చిన్నబోయింది. అది చూసి భువన గొంతు తగ్గించింది. "శనివారం నాతో రా. చూసినాక కొందాం."

శనివారం వాన సన్నగా పడుతూనే ఉంది. భువన తన ల్యాబు నుంచి అరువు తెచ్చిన పాత బటన్ల యంత్రాన్ని లోహిత్ చేతిలో పెట్టింది. "నలభై ఒకటో మొక్క దగ్గరికి నువ్వే తీసుకుపో."

ముందు తన ఫోను మీదే నమ్మకముంచాడు లోహిత్. చినుకులు పడ్డచోటల్లా తెర ఎవరో తాకినట్టు గెంతింది. చేసేదిలేక యంత్రం అందుకున్నాడు. తడి వేళ్ళతో నొక్కినా బటను మాట వింది. కాని దట్టమైన కొమ్మల కింద బాణం గుర్తు అటూ ఇటూ ఊగింది.

"నిలబడు. ఉపగ్రహాలు దొరికేదానికి కాస్త టైమియ్యి," అంది భువన.

నిలబడ్డాడు. బాణం కుదురుకుంది. చెట్ల వేళ్ళు, బురద, ముళ్ళు దాటుకుంటూ ఇరవై నిమిషాలు నడిచాక యంత్రం చేరావంది. చుట్టూ చూస్తే అంతా ఒకే పచ్చదనం.

"ఎక్కడే?"

"ఇక్కడి దాకానే అది చెప్పేది. ఇంక మన కండ్లే." భువన మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకి తొలగించింది. మోకాలెత్తు మొక్క, కాండానికి బిళ్ళ. కొసన రాగిరంగులో రెండు కొత్త ఆకులు. "ఏమ్మా, బాగుండావా?" అని దాన్నే అడిగి, కొలబద్ద ఆనించింది. ముఖమంతా వాన, బురద, నవ్వు. ఆమెను ఇంత సంతోషంగా ఇంట్లో ఎప్పుడూ చూడలేదనిపించింది అతనికి.

"ఆ రోజు చాలా భయమేసింది, భువనా," అన్నాడు ఉన్నట్టుండి. "నువ్వు రావేమోనని."

కొలుస్తున్న చేయి ఆగింది. "మరి చెప్పలేదేం?"

"చెప్తే, ఇంక పోవద్దంటున్నాననుకుంటావని."

భువన చేతొడుగు తీసి అతని చేయి గట్టిగా పట్టుకుంది. "బటన్లు నాకోసం. ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపేది నీకోసం. రెండూ ఉండేది ఉందా?" అంది.

"ఒకటుంది. బరువెక్కువని ఏడో స్థానంలో పెట్టాను."

"నేను మోస్తాలే."

మర్నాడు దాన్నే కొన్నారు. అంకుల్ పెట్టెలో సర్దుతూ, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో, "ఇంత చిన్న సింగపూర్‌లో దారి తప్పడమేంటి లా!" అని నవ్వాడు. లోహిత్ కూడా నవ్వి, తొమ్మిదో నంబరు బూట్లు ఎక్కడున్నాయని అడిగాడు.

"ఎవరికి?" అంది భువన.

"నాకే. వచ్చే నెల నీ మొక్కలు కొలిచేటప్పుడు అంకెలు రాసుకోడానికి మనిషి కావాలిగా?"