ఎరుపు విరుగుడు

జుట్టు నెరిసిన పాపానికి కోటేశ్వరి కన్నతల్లికే అత్తగారైపోయింది. మతిమరుపు ముదిరిన సుబ్బరావమ్మ, కూతురు అన్నం పళ్ళెంతో రాగానే గబగబా మంచం దిగి, కొంగు నిండుగా కప్పుకుని ఒదిగి నిలబడేది. "మీరు తినకుండా నేనెట్టా తింటా అత్తా?" అనేది. ఏనాడో కాటికి పోయిన ఆ అత్తగారు మహాతల్లి కోడళ్ళను తనకంటే ముందు మెతుకు ముట్టనిచ్చేది కాదట. పోయినా ఇంకా పస్తులు పెడుతూనే ఉంది! కోటేశ్వరి ఎదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తిని చూపించినా లాభం లేకపోయింది. "మామగారింకా రాలేదుగా" అనేది సుబ్బరావమ్మ. మనిషి చిక్కి సగమైంది.

తల నల్లబడితేనన్నా అమ్మ తనను గుర్తుపట్టి తింటుందని కోటేశ్వరి ఆశ. అంగట్లో దొరికే రంగు పడక ఒకసారి నెత్తంతా పొక్కింది. అందుకని ఈసారి గోరింటాకు పొడిని టీ డికాషన్‌లో కలిపి, ఇనప మూకుడులో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పట్టించింది. కడుక్కుని అద్దంలో చూసుకుంటే ఏముంది, నెరిసిన వెంట్రుకలన్నీ భగ్గున ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ అత్తనైనా అయ్యాను, ఇప్పుడు ఎవరో పరాయిదాన్నై అమ్మ నన్ను చూసి జడుసుకుంటుందేమో అనుకుంది. తలకు తువ్వాలు చుట్టి, తల్లి కంటబడకుండా దొడ్డిదారిన పక్కింటి జాన్‌బీని పిలుచుకొచ్చింది.

జాన్‌బీ తువ్వాలు విప్పి చూసి పకపకా నవ్వింది.

"ఒట్టి గోరింటాకేస్తే ఎర్రగా కాక ఇంకేమైద్ది అక్కా? దాని మీద నీలి ఆకు పొడి పెడితేనే నలుపు తిరిగేది."

"నవ్వింది చాల్లే. ముందు ఈ ఎరుపు వదిలించు తల్లీ. అమ్మకి అన్నం పెట్టే వేళవుతుంది."

కొబ్బరినూనె పట్టించి కుంకుడు రసంతో రుద్దితే నురుగు కాస్త రంగు తేలింది గానీ జుట్టు ఇసుమంతైనా మారలేదు. ఇక నీలి ఆకే దిక్కని జాన్‌బీ తన ఇంటి నుంచి పొడి తెచ్చి, గోరువెచ్చని నీళ్ళలో కలపసాగింది. కోటేశ్వరి పెరట్లో పీట మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది.

అప్పుడే గోడ పట్టుకుని మెల్లగా పెరట్లోకి వచ్చింది సుబ్బరావమ్మ. కోటేశ్వరి తువ్వాలు అందుకునేలోపే ఆవిడ చూడనే చూసింది. చూసి, నుదురు చిట్లించింది.

"ఏమే కోటీ! తలగుడ్డ కట్టుకోకుండా కల్లానికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నెత్తంతా కారమే!"

పెళ్ళికి ముందు ఎండాకాలమంతా మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరి, ఎర్ర దుమ్ము కొట్టుకున్న తలతో ఇంటికొచ్చేది కోటేశ్వరి. అమ్మ వాకిట్లోనే నిలబెట్టి, దులిపి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది.

ఇప్పుడూ సుబ్బరావమ్మ కొంగుతో కూతురి తల దులపడం మొదలుపెట్టింది. పాయలు విడదీసి చూస్తోంది, ఊదుతోంది, ఎంతకీ పోని ఆ ఎరుపును తిట్టుకుంటోంది. పొడి కలిపిన గిన్నె పట్టుకుని వచ్చిన జాన్‌బీ ఆ సంబరం చూసి, చప్పుడు చేయకుండా గిన్నె పక్కన పెట్టేసింది.

"కళ్ళు మండట్లేదటే?" అంది సుబ్బరావమ్మ.

"మండుతున్నాయమ్మా" అంది కోటేశ్వరి వెక్కుతూ.

"మండవూ మరి! చెబితే వింటేగా." ముసలావిడ కొంగు చివరతో కూతురి కళ్ళు అద్దింది. "పద పద, నాకు ఆకలి దంచేస్తంది. నువ్వూ పెట్టుకో, ఇద్దరం తిందాం."

కోటేశ్వరి జుట్టయినా ముడి వేసుకోకుండా వంటింట్లోకి పరుగెత్తింది.