మహాదేవప్ప పసుపు చెయ్యి

1962 మార్చి పద్దెనిమిది, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. జహీరాబాద్‌లో బట్టలకు రంగులద్దే షరీఫున్నీసా రోజులాగే పెరట్లో బావి పక్కన మట్టి చిప్పలు పరిచి కూర్చుంది. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో నీలి, ఒకదాంట్లో మోదుగుపూల రసం. వాడకట్టు పిల్లలు వేళ్ళు ముంచి కలిపి రాసుకుంటున్నారు.

"పసుపు, నీలి లగ్గం చేసుకుంటే ఎవరు పుడతరు?" అని అడిగింది షరీఫున్నీసా.

"చిలుక" అంది శివమ్మ, ఆకుపచ్చ వేలు చూపిస్తూ.

శివమ్మ మహాదేవప్ప మనుమరాలు. ఐదేండ్ల కింద మహాదేవప్ప మల్లన్న గుడి పసుపు కుడిచేత పట్టి, ఈ పెరట్లో సగం తనదేనని ప్రమాణం చేశాడు. అబద్ధం. షరీఫున్నీసా పెనిమిటి హఫీజుద్దీన్ ఆ పొద్దు మూసిన నోరు మళ్ళీ తెరవకుండానే మట్టిలో కలిశాడు. ఆ పసుపు మాత్రం మహాదేవప్ప అరచేతిని విడువలేదు. పెరుగన్నం కలిపితే పులిహోర రంగొచ్చేది. దూడను నిమిరితే దూడకు పసుపంటేది. దేవుడు చెయ్యి పట్టుకున్నడని జనం దండం పెట్టేవాళ్ళు.

మిగిలిన సగం కూడా తనదేనని ఆయన పెట్టిన పంచాయతి ఇవ్వాళ ఐదింటికి చావడిలో, బావితో సహా. ఆయన ఆ చెయ్యి లేపితే చాలు, తల్లీకూతుళ్ళు వీధిన పడతారు.

"సామాన్లు కట్టుకునే యాళ్ళ ఆ ఇంటి పిల్లకు ఆట నేర్పుతున్నవా, అమ్మీ?" అంది కూతురు రఫియా.

"ఒక్క ఆట మిగిలింది బిడ్డా."

తమలపాకుల పాన్‌దాన్ తెరిచి, వేలికొసన సున్నం తీసి పసుపు చిప్పలో కలిపింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

"దిష్టినీళ్ళు" అని నవ్వింది శివమ్మ.

"ఇంకా పసుపు యాడున్నది, చెప్పు?"

"మా తాత చేతిల."

పసిపిల్లను పగలోకి దించడం పాపమని షరీఫున్నీసాకు తెలుసు. తెలిసే, తమలపాకులో సున్నం మడిచి ఆ చిన్న చేతిలో పెట్టింది. "పోయి రాయి. ఎవరు పుడతరో చూడు."

చావడిలో ఆమె కొంగు తలమీదికి లాక్కొని స్తంభం పక్కన నిలబడింది. మనుమరాలు చెయ్యి అడిగితే మహాదేవప్ప మురిసిపోతూ ఇచ్చాడు; ఆ పిల్ల అరచేతిలో సున్నం రాసింది. పెద్దలు ప్రమాణం చెయ్యమనగానే లేపాడు. అరచెయ్యి ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మణికట్టు దాటి, మోచేతి దాకా పారి, తెల్లటి ధోతి మీద చుక్కలు చుక్కలుగా రాలింది. తువ్వాలతో తుడిచిన కొద్దీ ఊరింది.

"సున్నం, ఈరయ్యా. పోరి ఆట" అన్నాడు.

పెద్దమనిషి ఈరయ్య వంగి ధోతి మీది చుక్కలు చూశాడు. "సున్నమే. మా ఇంట్ల గూడ పసుపు ఎర్రగైతది. కారదు." తలపాగ సర్దుకున్నాడు. "చెయ్యి దించు మహాదేవప్పా. ఇగ ఏ పంచాయతిల లేపకు. ఆ పెరడు మొత్తం హఫీజుద్దీన్‌దే."

శివమ్మ వేలు మాత్రం ఒక్క చెంబు నీళ్ళతో శుభ్రమైంది.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజులో షరీఫున్నీసా క్షమాపణ అడుగుదామనుకుంది. అడగలేదు. పెరటి నడుమ మహాదేవప్ప వేసిన ముళ్ళకంచెను రఫియా పీకి తెచ్చింది. తల్లీకూతుళ్ళు దాన్ని విరిచి, రంగుకాగు కింద పొయ్యిలో పెట్టారు.

"ఏం రంగు కాద్దాం అమ్మీ?"

"ఎరుపే" అంది షరీఫున్నీసా.