రెండు దుముకుల చూపు

సంచిలో అడుగున రెండు పాత చీరలు, వాటి మీద జొన్నరొట్టెల మూట, పక్కన నా కళ్లజోడు పెట్టాను. సంచి మూతికి ముడి వేస్తుంటే కోడలు వసంత నవ్వింది.

"అత్తా, గా ముడిని గంతసేపు చూస్తవేంది? అదేమన్న ఉరుకుతదా?"

"ఉరికితే ఎవరు పట్టుకుంటరే?" అన్నాను.

నవ్వుతూనే అన్నాను గానీ, ముడి మీంచి కన్ను తీయాలంటే నాకు భయమే. నా భర్త మాసయ్య ముంబయి దగ్గరి భీవండికి పని కోసం లారీ ఎక్కిన రోజు ఆయన సంచికి ముడి వేసి పైకి అందించాను. జారిన కొంగు సర్దుకుని తలెత్తేసరికి లారీ మలుపు తిరిగింది. చదువు నేర్చుకున్నది ఆ తర్వాతే. బడిలో కాదు, మా వీపనగండ్లలో ఆగే బస్సుల బోర్డులు చూసి. ఏ ఊరి బస్సులో వస్తాడో తెలియాలి కదా.

ఏటా వానాకాలంలో రెండు నెలలు వసంతా నేనూ ధరూర్ వైపు సీడు పత్తి చేలకు, విత్తనం కోసం పెంచే పత్తికి, కూలికి పోతాం. సాయంత్రం మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను బొటనవేలి గోరుతో ఒలిచేయాలి. నడుమ ఉన్న సన్నటి కాడ తెగకూడదు. ఒలిచిన మొగ్గకు ఎర్ర కాగితం గుర్తు పెడతాం. పొద్దున ఆ గుర్తులు చూసుకుంటూ వేరే రకం పువ్వు తెచ్చి కాడకు అద్దుతాం. ఒక్క తిత్తి మిగిలినా ఆ కాయ విత్తనానికి పనికిరాదు.

ఈసారి మూడో రోజు పొద్దున రైతు రాఘవేందర్ రెండు మొగ్గలు తెంపుకుని మా ముందుకొచ్చాడు. ఒకదాంట్లో కాడ తెగింది. ఇంకోదాంట్లో నాలుగు తిత్తులు అలాగే ఉన్నాయి.

"గీ సాలు ఎవరిది?"

ఆ సాలు నాది.

"నాదే అన్నా," అంది వసంత.

"నీదా? నిరుడు మంచిగ చేస్తివి గదా! ఇంకోసారి గిట్లయితే పంపిస్త, చెప్తున్న."

నా తప్పుకు ఆమె పని పోయేలా ఉంది. ఆ సాయంత్రం నా చేతిని వదిలి వసంత కళ్లను గమనించాను. వేళ్లు ఒక మొగ్గ మీద ఉండగానే ఆమె కన్ను తర్వాతి మొగ్గ మీదికి పోతోంది. కన్ను చేరిన చోటికి చేయి నేరుగా వస్తోంది. నా కన్ను అలా పోదు. పని ముగిసేదాకా వేళ్ల దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత లేచి, మొగ్గకు కొంచెం ఇవతలే ఆగి, మళ్లీ కదులుతుంది. ఈలోపు చేయి ఆకులను తడుముతుంటుంది.

అంతా ఆ ముడి వల్లే అనుకున్నాను. ఒకసారి మోసపోయిన కన్ను ఇక దేన్నీ వదలడం లేదు.

ఆదివారం ధరూర్‌లో కళ్లు చూసే శిబిరం పెట్టారు. అక్కడ కళ్లు పరీక్షించే పిల్ల పేరు సరిత. చూపు బాగుంది, అద్దాలు సరిపోయాయి అంది.

"మరి నా కన్ను పోవాల్సినకాడికి ఒక్కసారే ఎందుకు పోతలేదు బిడ్డా?"

సరితకు కూడా ఆసక్తి పుట్టింది. రెండు చేతుల్లో రెండు పెన్నులు ఎడంగా పట్టుకుంది. "తల కదపకవ్వా. నీలంది చూడు. ఇప్పుడు ఎర్రది." నాలుగైదు సార్లు చేయించి, "రెండు దుముకులు," అంది. "ఎర్రదాన్ని అందుకోకముందే ఆగి, మళ్ల దుముకుతుంది. బయల్దేరుడు గూడ జర ఆలస్యమే. వయసు మీద పడితే గట్లయితది. కన్ను చేరేదాక చెయ్యికి తొవ్వ తెల్వదు."

"వయసేనా? వేరే పరేషాన్ ఏం కాదా?"

వయసే అంది. నాకు నమ్మకం కుదరలేదు. నా వెనక వరసలో నా ఈడువాడే ప్రభుదాసు ఉన్నాడు. పుట్టిన ఊరు దాటనివాడు, ఇంట్లో ఎవరినీ పోగొట్టుకోనివాడు. "గీయినకు గూడ పెట్టు బిడ్డా," అని దగ్గరగా వంగి చూశాను. నీలం. మధ్యలో చిన్న విరామం. ఎరుపు.

"ఏందక్కా, నా కండ్లల్ల గట్ల చూడవడితివి? మా ముసల్ది చూస్తే నన్ను సంపుతది!"

అందరూ నవ్వారు. ఆయనవీ రెండు దుముకులే. మనసు తేలికైంది. కొంచెం చిన్నబోయింది కూడా. ఇన్నేళ్లూ అది నా ఒక్కదాని బాధ అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కన్ను చేరేదాకా చేతిని ఆపి పనిచేశాను. ఒక్క కాడా తెగలేదు. కానీ పొద్దు వాలేసరికి నా సాలు సగం కూడా కాలేదు. తన సాలు ముగించిన వసంత వచ్చి, మసక వెలుతురులో గబగబా మిగతాది చేసింది. పొద్దున చూస్తే ఆ సగంలో మూడు కాడలు తెగి ఉన్నాయి.

రాఘవేందర్ వచ్చాడు. వసంత నోరు తెరవకముందే నేను ముందుకు నడిచాను.

"గీ సాలు నాది పటేలా. మొన్నటిది గూడ నాదే. కోడలి తప్పేం లేదు."

"అత్తా!"

"నువ్వు ఊకో."

అతను నా వేళ్ల వంక చూశాడు. "మరెట్ల చేద్దమవ్వా?"

"నేను ఇంటికి పోత. ఆమె ఉంటది."

ఈసారి సంచికి వసంత ముడి వేసింది. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని, మలుపు వచ్చేదాకా ఆమెనే చూశాను. ఒక్క చోటనే చూడడానికి దుముకు అక్కర్లేదు.

సెప్టెంబరు ఇరవై రెండున వసంత తిరిగి వచ్చింది. మాసయ్య రాలేదు. ఆయన లారీ ఎక్కి పోయింది 2001 జనవరి 18, గురువారం.