అతిసారం ఉందా?

డాక్టర్ కాంతమణికి కోపం వస్తే మెడికల్ కాలేజీలో ఫ్యాన్లు కూడా అడిగి తిరుగుతాయని పిల్లలు చెప్పుకుంటారు. తెనాలి వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన మనిషి. ముప్ఫై ఏళ్లుగా సామాజిక వైద్యం బోధిస్తోంది. డాక్టరుకి ముందు చెప్పులు అరగాలి, ఆ తర్వాతే స్టెతస్కోపు అనేది ఆవిడ మొదటి పాఠం. ఆ మంగళవారం ఉదయం ఆవిడ కోపమంతా మాధురి అనే హౌస్ సర్జన్ నెత్తిన పడింది.

"నూట నలభై ఇళ్లలో ఒక్కదాంట్లోనూ అతిసారం లేదా? ఆ బస్తీ పిల్లలే ముగ్గురు మన వార్డులో సెలైన్ పెట్టించుకుని పడుంటే!" సర్వే కాగితాల కట్ట బల్ల మీద విసిరికొట్టింది. "నిన్న ఏ ఇరానీ హోటల్లో కూర్చుని నింపావు ఇవి?"

"అన్ని ఇండ్లు తిరిగిన మేడం."

"అబద్ధమాడితే అతికినట్టుండాలి!"

క్లాసంతా చూస్తోంది. మాధురి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల మాత్రం దించలేదు.

మౌలాలి గుట్ట కింద ఆ బస్తీలో మంచినీళ్ల పైపు మురుగుకాలవలోంచే పోతుంది. రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. ఈ సాయంత్రం నాలుగింటికి మళ్లీ వదులుతారు. ఈలోగా ఆపించకపోతే ఎంతమంది పిల్లలు ఆ నీళ్లు తాగుతారో! నీళ్ల ఆఫీసులో ఇంజనీరు పురుషోత్తానికి కాంతమణి ఫోన్ చేస్తే అతను తాపీగా అన్నాడు. "మీ కాలేజీ పంపిన సర్వే నా ముంగటనే ఉన్నది మేడం. ఒక్క కేసు సుత లేదు. ముగ్గురు పిల్లలు బయట ఏం తిన్నరో ఏమో! దానికి బస్తీ మొత్తం నీళ్లు బంద్ చేయమంటే ఎట్ల?"

ఆవిడ ఒళ్లు మండిపోయింది. మాధురిని ఆటో ఎక్కించి తనూ ఎక్కింది. "పద. నా ముందు అడుగు. నీ సర్వే ఏపాటిదో చూస్తాను."

మొదటి ఇల్లు నాంచారమ్మది. కొడుకూ కోడలూ పనికి పోయారు. మాధురి ఫారం చూసి చదివింది. "గత రెండు వారాలలో మీ ఇంట ఎవరికైనా అతిసారం ఉందా?"

"గంత పెద్ద బీమారి మా ఇంట్ల లేదు బిడ్డా. దేవుని దయ."

వెనక చాప మీద నాలుగేళ్ల మనవరాలు పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి, కళ్లు లోపలికి పోయాయి. కాంతమణి గబగబా లోపలికెళ్లి పిల్ల పొట్ట మీద చర్మం పట్టి చూసింది. "మరి దీనికేమైందమ్మా?"

"దానికా? మోషన్స్ అయితున్నయ్. నిన్నటి సంది నీళ్ల లెక్కనే పోతున్నది."

కాంతమణి మాధురి వైపు తిరిగి అరిచింది. "మోషన్స్ అని అడగొచ్చుగా! అతిసారం ఏమిటి, ఏ బుర్రలేనివాడు రాశాడీ ప్రశ్న?"

మాధురి ఫారం కింది మూల చూపించింది. రూపకల్పన: డాక్టర్ కాంతమణి. పదహారేళ్ల కిందటి తేదీ. "ఫారంల ఉన్నది ఉన్నట్టే అడగాలె, ఒక్క అక్షరం మార్చినా సంతకం పెట్టనన్నరు గద మేడం."

నిజమే, ఆ మాట తను అన్నదే. విరేచనాలంటే మోటుగా ఉంటుందని, మోషన్స్ అంటే ఇంగ్లీషని, తనే పుస్తకం తిరగేసి అతిసారం అన్న మాట ఏరి పెట్టింది. చెంప ఛెళ్లుమన్నట్టయింది. చదువుకున్న మూర్ఖత్వం అంటే ఇదే, అని తనను తనే తిట్టుకుంది.

పిల్లకి ఓఆర్ఎస్ పట్టించి, ఇరుగమ్మను తోడిచ్చి ఆటోలో ఆస్పత్రికి పంపింది. ఫారంలో ఆ మాట కొట్టేసి పైన 'మోషన్స్' అని రాసింది. ఇద్దరూ చెరో గల్లీ పట్టుకున్నారు. రెండింటికల్లా డెబ్బై ఇళ్లు తిరిగితే ముప్ఫై ఒక్క ఇళ్లలో మోషన్స్ ఉన్నాయి.

నీళ్ల ఆఫీసులో పురుషోత్తం కొత్త కాగితాలూ పాత కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "నిన్నటిదీ మీదే, ఇయ్యాలటిదీ మీదే. ఏది నమ్మాలె మేడం?"

"కాగితం ఇలా ఇవ్వు." నిలబడే రాసింది. నిన్నటి సర్వే తప్పు. అదే ప్రశ్నతో పదహారేళ్లుగా ఈ కాలేజీ చేసిన సర్వేలన్నీ తప్పు. తప్పు విద్యార్థులది కాదు, నాది. సంతకం పెట్టింది.

అతను చదివి కంగారుపడ్డాడు. "గిట్ల రాసిస్తే మీ పేరు ఖరాబైతది. జెర ఆలోచించుండ్రి."

"నా పేరు గురించి తరవాత ఏడుద్దువు గాని, ముందు నీళ్లు ఆపవయ్యా!"

మూడున్నరకి వాల్వు కట్టేశారు. ట్యాంకరొచ్చింది. పైపు నీళ్లు ముట్టుకోవద్దని చెప్పడానికి కాంతమణి గల్లీ గల్లీ తిరిగింది. మాధురి మెల్లగా, "మీరు తెలిసి చెయ్యలే గద మేడం" అంది.

"నోరు మూసుకో. ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను."

నాంచారమ్మ బిందె పట్టుకుని ఎదురొచ్చింది. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందట, పిల్ల కళ్లు తెరిచిందట. ఆవిడ కాంతమణి చెయ్యి పట్టుకుంది.

"మీరొచ్చిన్రు గనక బతికింది డాక్టరమ్మా. ఏడేండ్ల కింద దీని అన్నకు సుత గిట్లనే అయితే, తెల్లారేసరికి పాణం పోయింది. అప్పుడు సుత మీ కాలేజి పిల్లలొచ్చి అడిగి, రాసుకొని పోయిన్రు."

"ఏం రాసుకున్నారు?" కాంతమణి అడిగింది.

"లేదనే రాసుకున్నరు. నేను లేదనే చెప్తిని గద."