వధువు కన్నీటికై నిలిచిన స్వరము

హిమధవళితములైన యింటికప్పులపై హేమంతసూర్యుఁడు పగటి చంద్రునివలెఁ గాంతిదఱిగి వ్రేలుచుండ గలీషియాదేశమునందలి యొక చిన్న పట్టణమున జెలిగను వృద్ధ ఫిడేలు విద్వాంసుని కూఁతురు ఫ్రూమా పొయ్యిచెంతఁ గూర్చుండి బీటుదుంపల తొక్క తీయుచుండెను. చేతులు పనిమీఁద నున్నను ఆమె చూపు మాత్రము తండ్రి ఫిడేలును భుజమునఁ జేర్చి శ్రుతి సవరించుచున్న శిష్యుఁడు యోస్సెలుమీఁద నుండెను.

యూదుల పెండ్లిండ్లలో మేళము వాయించు క్లెజ్మరులలో జెలిగు వంశమువారికిఁ దరతరములుగా నొక బాణి దక్కియుండెను. వధువును పీఠముపైఁ గూర్చుండఁబెట్టిన వేళఁ బూర్వభాగమును వాయించి యొక్క స్వరముపై నిలిచి యామె కంట నీరు చిందువఱకు దానినే సాగఁదీసి పిమ్మటఁగాని యుత్తరభాగము నందుకొనరాదనుట వారి కట్టడి. గోడచాటున విని విని ఫ్రూమా దాని నామూలాగ్రముగా నేర్చియుండెను. అయినను ఆఁడుదానికి మేళమునఁ జోటు లేదని జెలిగు పక్షవాతమునఁ దన చేయి పడిపోయిన పిమ్మట దానిని నిన్నమొన్న వచ్చిన యోస్సెలునకు ధారవోసెను. అది మొదలు వాని యడుగుల చప్పుడే యామెకుఁ గర్ణశూలమయ్యెను.

ఆనాఁడు యూదుల యిడ్డిషు భాషలోని పాటలను సేకరించు పండితుఁ డొకఁడు శబ్దమును మైనపుగొట్టముపైఁ జెక్కు యంత్రముతో ఈ బాణికొఱకై వచ్చెను.

"తాతగారూ, నాయొద్ద మిగిలినది యీ గొట్టమొక్కటే. రెండు నిమిషముల వాద్యమే దీనఁ బట్టును. మధ్యాహ్నపు రైలుకు నేను పోవలయును."

"పెండ్లికూఁతురు లేనిదే యెట్లు వాయింతును?" అని యోస్సెలు తెల్లఁబోయెను.

జెలిగు కూఁతువంకఁ దిరిగి "అమ్మా ఫ్రూమా, నీవీ కుర్చీలోఁ గూర్చుండుము. ఒక్క బొట్టు చాలును. ఉల్లిపాయ కోసినప్పు డేడ్చెదవు, దీని కేడ్వలేవా?" అని బతిమాలెను.

"ఘాటున్న యుల్లిపాయయే యేడ్పించును నాయనా. మీ శిష్యరత్నము ఘాటెంతయో చూతము" అని యామె కూర్చుండెను.

పండితుఁడు యంత్రమును నడపఁగా యోస్సెలు వాయించెను. తప్పు పట్టుటకై ఫ్రూమా చెవియొగ్గెను, తప్పు లేదు. తండ్రి వ్రేళ్లకుఁ గూడ నందని వెక్కిళ్లు వాని కమానునఁ బలికెను. అదియే యామె క్షమింపలేకపోయెను. నిలుపుస్వరము వచ్చినది. ఆమె పెదవి కొఱికి ఱెప్పలు బిగించి కన్నులను పొడిగానే నిలుపుకొనెను. తండ్రి చూపు యాచించుచుండెను. దాఁటిపోవచ్చునను తలంపైనను రాని యోస్సెలు ఆ స్వరమునే లాగుచుండఁగా సూది గొట్టముచివరఁ జేరి గీఱుమనెను.

"యంత్రమునకుఁ గన్నీ రెందుకయ్యా!" అని పండితుఁడు నుదురు కొట్టుకొనెను.

"ఆమె యేడ్వలేదు గదండీ" అనెను యోస్సెలు.

చేయునదిలేక పండితుఁడు చెక్కిన దానిని వినిపించెను. యంత్రపు బాకానోటినుండి బాణి దూరదేశమునుండి వచ్చినట్లు సన్నగా వెలువడి ఆ యొక్క స్వరమున నిలిచి యెవరికొఱకో వేచి వేచి యాఱిపోయెను. వాయించిన వానిమీఁదఁ గట్టిపడిన హృదయము ఆ నిరీక్షణమును సహింపలేక కరఁగెను. ఫ్రూమా చెక్కిళ్లమీఁదుగాఁ గన్నీరు జాఱెను.

"ఇప్పుడా తల్లీ!" అనెను జెలిగు.

కన్నీరు కంటఁబడఁగానే యోస్సెలు కట్టడి చొప్పున ఫిడేలు నెత్తి యుత్తరభాగము నందుకొనెను. చెక్కుటకు మైనము లేక పండితుఁడు రిక్తహస్తములతో నిలిచి వినుచుండెను. పరుని యశమును గొఱుకఁబోయిన యసూయ తొలుతఁ దన యింటి విత్తనమునే కొఱుకును. బాణి ముగియకమున్నే ఫ్రూమా లేచి శాలువ కప్పికొని తలుపు తెఱచి మంచులోనికి వెడలిపోయెను.