మంచుగడ్డ అన్నారు

కర్టెన్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన ఆవిడ, మనవరాలిని చూపించడానికి కూతురితో పాటు ఆసుపత్రికి వచ్చింది. ఆ పసిది పిలిస్తే పలకదు. బొమ్మ కారు చక్రం తిప్పుకుంటూ కూర్చుంటుంది.

డాక్టరమ్మ నేల మీదే చతికిలబడి పిల్లతో చాలాసేపు ఆడింది. తర్వాత లేచి, "దీన్ని ఆటిజం అంటారు. పుట్టుకతో వచ్చేదే. మీ పెంపకంలో లోపమేం లేదు," అంది కూతురితో.

కూతురు కళ్లొత్తుకుంది. పక్కనున్న ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆ చివరి మాట మళ్లీ చెప్పు."

డాక్టరమ్మ చెప్పింది.

ఈ పెద్దావిడ కొడుకూ చిన్నప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడు. ఇదే ఆసుపత్రిలో, విద్యార్థులందర్నీ చుట్టూ నిలబెట్టి, అప్పటి పెద్ద డాక్టరు వాడికి పిచ్చి అన్నాడు. ఆవిడ వైపు వేలు చూపించి, "తల్లి మంచుగడ్డ. ప్రేమ అందక పిల్లాడు ముడుచుకుపోయాడు," అన్నాడు. అత్తగారు ఆ మాటని వీధంతా చాటింది. భర్త ముభావంగా తిరిగి తిరిగి, చివరికి ఇంటికి రావడమే మానేశాడు. కొడుకుని ఎత్తుకోబోయే ముందు ఆవిడ తన చేతుల్ని చెంపకి ఆనించి చూసుకునేది, నిజంగానే చల్లగా ఉన్నాయేమోనని.

"అప్పట్లో అలాగే అనుకునేవాళ్లమ్మా. అది తప్పని తర్వాత తేలింది. పేరూ మారింది, గుర్తుపట్టే పద్ధతీ మారింది," అంది డాక్టరమ్మ, సంగతంతా విని.

"ఎప్పుడు తేలింది?"

"చాలా ఏళ్లయింది."

"మరి నాకెవరూ చెప్పలేదేం? తిట్టడానికైతే అంతమందిని పోగేశారుగా!"

"నన్ను క్షమించండమ్మా."

"నువ్వు అప్పటికి పుట్టి కూడా ఉండవు. నువ్వు పాఠం చెప్పే గదికి తీసుకెళ్లు నన్ను. అందరి ముందూ అన్నారు, అందరి ముందే వెనక్కి తీసుకోండి."

"అమ్మా, ఇప్పుడు గొడవెందుకే?" అంది కూతురు.

"గొడవే. రేపు నీ మీద వేలు చూపించకుండా ఉండాలంటే ఇవాళ గొడవే."

మరుసటి వారం కొడుకుని వెంటబెట్టుకుని ఆ పాఠాల గదికి వెళ్లింది. చెంపల దగ్గర జుట్టు నెరిసిన మనిషి, గుమ్మంలోనే చెవులు మూసుకున్నాడు. "ఆ ట్యూబులైట్లు రొద పెడుతున్నాయి," అన్నాడు. డాక్టరమ్మ లైట్లు ఆర్పేసింది. కిటికీ వెలుతుర్లోనే, ఆనాటి మాట తప్పని, ఆ తప్పు తమదేనని విద్యార్థులకి చెప్పింది.

ఆవిడ లేచింది. "ముట్టుకుంటే వీడు గుక్కపట్టి ఏడ్చేవాడు. అందుకే ముట్టుకోకుండా, పక్కనే చాపేసుకుని పడుకునేదాన్ని. దూరంగా ఉంటానని రాసుకున్నాడు మీ పెద్దాయన. ఎందుకని అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు. మీరు అడగండి. ఇవాళ మీరు చెప్పేది రేపు తప్పని తేలితే, ఇంటికొచ్చి మరీ చెప్పండి."

ఇక వెళ్దామని సంచీ అందుకుంది. వెనక నుంచి కొడుకు అన్నాడు: "పిచ్చి అని అమ్మతో చెప్పారు. నేనూ అక్కడే ఉన్నాను. విన్నాను."

ఆవిడ గిరుక్కున తిరిగింది. ఇన్నేళ్లలో వాడు ఆ ఊసెత్తడం ఇదే మొదలు.

"విన్నావురా?"

"మొత్తం విన్నాను."

బెంచీల మీంచి లేవబోతున్న విద్యార్థుల్ని చూసింది. సంచీ మళ్లీ బల్ల మీద పెట్టింది.

"కూర్చోండి," అంది. "మావాడు చెప్తాడు."