ప్లాటినం లేదు

పీరు కొంప ముంచింది పీరు నోరే. దర్శి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసి బతికేవాడు, చూసి మాట్లాడొద్దూ! బుల్లయ్య గారి పాత పెట్రోలు పికప్పు కదలనని మొరాయిస్తే, మూతైనా ఎత్తకుండా "ప్లాటినం అరిగుంటదండీ, వదిలెళ్లండి, రేపు చూస్తా" అనేశాడు.

పాత బండ్లలో ఇంజనుకి నిప్పురవ్వ అందించే చిన్న ముక్కని మెకానిక్కులు ప్లాటినం అంటారు. అదొట్టి వాడుక మాట. బుల్లయ్య గారికి మాత్రం నగల కొట్లో మాటలా వినపడింది. బంగారాన్ని మించింది తన బండిలో ఉందని టీ కొట్టు దగ్గర చెప్పుకుని తెగ మురిసిపోయాడు.

మర్నాడు ఆయన ఎదుటే పీరు డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. లోపల ప్లాటినం ఉండాల్సిన చోట చిన్న తీగచుట్ట, దాన్నుంచి పక్కనున్న నల్ల డబ్బాకి వైర్లు.

"ఇందులో ప్లాటినం లేదండీ" అన్నాడు పీరు.

"లేదా? నిన్న ఉందన్నావు గదరా!"

"చూడకుండా అన్నానండీ. ఇది ఎలక్ట్రానిక్ రకం. పోయింది ఈ డబ్బా."

"ఎలక్ట్రానిక్కూ లేదు, నీ బొందా లేదు! రాత్రంతా బండి నీ షెడ్డులోనే ఉంది. ఎవడికి అమ్మావురా?"

ఆ కేకలకి టీ కొట్టు మొత్తం లేచొచ్చింది. పీరు ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. బుల్లయ్య గారు బండిని ట్రాక్టరుకి కట్టి ఒంగోలు లాక్కెళ్లాడు.

ఆ రోజు నుంచీ షెడ్డుకి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చిన ఒకరిద్దరూ పని అయ్యేదాకా అతని చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు. ఛీ, ఏం బతుకు! పీరుకి ఒళ్లు మండిపోయేది. కొందరన్నా "పీరు అట్టాంటోడు కాదులే" అంటున్నారని భార్య నగ్మా చెబితే, ఆ మాట పట్టుకుని రోజులు నెట్టాడు.

ఓ సాయంత్రం పికప్పు మిరపకాయల బస్తాలతో వచ్చి టీ కొట్టు ముందు ఆగింది. పీరు పరుగున వెళ్లాడు.

"ఒంగోల్లో ఏం చెప్పారండీ?"

బుల్లయ్య గారు గొంతు తగ్గించాడు. "నువ్వన్నదేరా. డబ్బా మార్చారు. ప్లాటినం అసలుండదంట."

"ఆ మాట వాళ్లకి చెప్పండి. దొంగన్నది వాళ్ల ముందే గదా!"

బుల్లయ్య గారు టీ కొట్టు వైపు చూశాడు. తను మురుస్తూ చెప్పిన మాటలు విన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, పీరు సంగతి ఇంకెవరూ ఎత్తబాకండి. పోయిందేదో పోయింది. పిల్లలు గలోడు, నేను క్షమించేశా."

"ఎంతైనా బుల్లయ్య గారిది పెద్ద మనసు" అన్నారెవరో. పీరు నోరు తెరిచేలోపే "ఊరుకో పీరూ, ఆయనే వదిలేశాడు గదా" అని భుజం తట్టారు.

అన్నాళ్లూ పీరు అట్టాంటోడు కాదులే అన్నవాళ్లు కూడా ఆ సాయంత్రంతో అతను దొంగేనని నమ్మారు.